ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి చరిత్రము

అనేక దేశములవారు ఒక నగరమున గుమిగూడి, పరుగు, ఈత, మల్లయుద్ధము, హాకీ, ఫుట్‌బాల్ మొదలగు పలువిధములైన ఆటలలో పోటీపడు ఉత్సవములు రెండు మన విద్యార్థులకు చిరపరిచితములు. ఒకటి 1896వ సంవత్సరమున ఏథెన్సు నగరమున పునఃప్రారంభింపబడిన ఒలింపిక్ క్రీడలు. రెండవది 1951వ సంవత్సరమున మన ఢిల్లీ నగరముననే పుట్టిన ఆసియా క్రీడలు. పతకములు గెలిచినవారి పేళ్లు పత్రికలలో పెద్ద అక్షరములతో అచ్చగును. వారిని తీర్చిన గురువుల పేళ్లు అడుగున చిన్న అక్షరములలోనైనను కనుపడుట అరుదు. అట్టి గురువులలో మొదట తలపదగినవాడు మన తెలుగునాటి హైదరాబాదువాడు, బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. ఆయనను ఆటగాండ్రందరు రహీమ్ సాహేబని పిలిచెడివారు. ఈ వ్యాసమునందు నేనును అట్లే పిలిచెదను.

రహీమ్ సాహేబు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించెను. అప్పుడది నిజాము సంస్థానమునకు రాజధాని. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, ఉపాధ్యాయ వృత్తియందు ప్రవేశించెను. కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు ప్రాంతముల బడులలో పాఠములు చెప్పెను. పిమ్మట వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, బడిపిల్లల ఆటపాటల భారము వహించెను. దేశమంతట పేరు వచ్చిన తరువాతను ఆయన బడిని విడువలేదు. ఒలింపిక్ క్రీడలకు జట్టును తీసికొనిపోయి వచ్చినవాడు తిరిగి వచ్చి బడిపిల్లల వరుసలు దిద్దుచుండెడివాడనిన, మన వృత్తియందున్నవారికి కొంత సంతోషము, కొంత సిగ్గు కలుగక మానదు.

చిన్ననాట ఆయన స్వయముగా మంచి ఆటగాడు. విశ్వవిద్యాలయపు పూర్వ విద్యార్థులును ప్రస్తుత విద్యార్థులును చేరి యేర్పరచుకొన్న జట్టులో ఆడెను. ఐనను ఆయన ప్రతిభ కాలిలోకంటె కంటిలో నెక్కువ. ఎవడు ఎక్కడ నిలువవలెను, బంతి రాకముందే ఎటు కదలవలెను, ఎవనిలో ఏ లోపమున్నది అను విషయములు ఆయనకు ఇట్టే తెలియుచుండెను. 1943వ సంవత్సరమున హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, చనిపోవువరకు ఆ పని చేసెను. 1950 మొదలు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సంవత్సరములు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచెను. కలకత్తాయే ఈ ఆటకు ఇల్లు, తక్కిన ఊళ్లు అతిథులు అని తలచుచున్న కాలమది. పేట వీధులనుండి వచ్చిన పోలీసు జవానులు ఆ యభిప్రాయమును తలక్రిందులు చేసిరి.

ఆయన బోధనా పద్ధతిని గూర్చి ఇచ్చట కొంచెము నిలిచి చెప్పవలెను; ఏలయన ఇది మైదానమునకే కాదు, తరగతి గదికిని పనికివచ్చు విషయము. మన దేశపు ఆటగాండ్రకు అప్పుడొక వ్యసనముండెడిది. బంతి కాలికి దొరికినచో, తోడివానికి అందింపక, ఇద్దరు ముగ్గురను తప్పించుకొని తానే ముందుకు దొర్లించుకొని పోవలెనని కోరిక. చూచువారు చప్పట్లు కొట్టుదురు; గోలు మాత్రము కాదు. రహీమ్ సాహేబు ఈ జబ్బునకు ఉపన్యాసములతో మందు వేయలేదు. ఆ విధముగా బంతిని దొర్లించుటయే నిషిద్ధమైన పందెములు హైదరాబాదులో ఏర్పాటుచేసెను. బంతి తాకిన వెంటనే మరియొకనికి పంపవలెను. లేనియెడల తప్పుగా ఎంచబడును. కొన్ని పందెములలో ప్రతివాడు తన బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముండెను. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. మొదట నవ్వులాటగా తోచిన ఈ పందెములనుండియే రెండు కాళ్లతోను సమానముగా బంతి తన్నగల ఆటగాండ్రు తయారైరి.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు, పిల్లవానికి తప్పు చెప్పుటకంటె తప్పు చేయుటకు వీలులేని అభ్యాసమును కల్పించుట మేలని బోధించిరి. వినినప్పుడు సులభముగానే తోచినది. నలుబది మంది పిల్లలు కూర్చున్న తరగతిలో దానిని చేసి చూపుట ఎంత కష్టమో పంతుళ్లకందరకు తెలియును. రహీమ్ సాహేబు దానిని ఎండలో, దుమ్ములో, ఒక్క బంతితో చేసి చూపెను.

అంతకుముందు మన జట్టు అంతర్జాతీయ పోటీలలో ఎట్లుండెనో చెప్పిననేగాని ఆయన చేసిన పని తెలియదు. స్వతంత్రము వచ్చిన మరుసటి సంవత్సరము, 1948లో, లండను ఒలింపిక్ క్రీడలకు మనవారు పోయిరి. ఆటగాండ్రలో పెక్కుమంది బూట్లు లేక, పాదములకు గుడ్డపట్టీలు చుట్టుకొని ఆడిరి. ఫ్రాన్సు జట్టుతో పోరాడి 2–1 గా ఓడిరి. రెండు పెనాల్టీలు మనవారే పోగొట్టుకొనిరి. లండను ప్రజలు వట్టికాళ్లతో ఆడువారిని చూచి మెచ్చుకొనిరి. ఆ మెప్పు మనకు కొంత కీడే చేసినదని నా యభిప్రాయము. బూట్లు లేకుండుట ఒక గొప్పగా భావింపబడి, దానిని మార్చుకొనవలెనను తొందర ఎవరికిని లేకపోయెను.

1951వ సంవత్సరము మార్చి 4వ తేదీన మొదటి ఆసియా క్రీడలను రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు గారు ఢిల్లీలో ప్రారంభించిరి. వచ్చిన దేశములు 11. అంతకుముందు సంవత్సరమే జరుగవలసిన ఉత్సవము, ఏర్పాట్లు కాక వాయిదా పడెను. దేశ విభజన జరిగి నాలుగేండ్లైనను కాలేదు. కాందిశీకులతో ఢిల్లీ నిండియుండెను. క్రొత్త మైదానము కట్టుటకు ధనము లేదు. భావనగర్ మహారాజు కానుకగా 1933లో వెలసిన ఇర్విన్ ఆంఫిథియేటరునే బాగుచేసి, నేషనల్ స్టేడియమని పేరు మార్చి, అందులో క్రీడలు నడపిరి. ఈ విధముగా ఉన్నదానితో సర్దుకొని అతిథులను పిలిచిన నగరములు తరువాతి కాలమున అరుదైనవి. ఫుట్‌బాలులో రహీమ్ సాహేబు శిక్షణలో, శైలేన్ మన్నా నాయకత్వమున, మనవారు ఇండోనీషియాను, ఆఫ్ఘనిస్తానును 3–0 చొప్పున ఓడించి, తుది పోటీలో ఇరానును 1–0 తో గెలిచిరి. ఆ ఒక్క గోలు చేసినవాడు మేవాలాల్. ఆసియా క్రీడలలో ఫుట్‌బాలుకు మొదటి బంగారు పతకము ఇట్లు మనకు వచ్చెను.

ఆ సంతోషము మరుసటి సంవత్సరమే తగ్గిపోయెను. 1952లో ఒలింపిక్ క్రీడలు ఫిన్లండు రాజధాని హెల్సింకిలో జరిగెను. ఆ నగరము 1940లోనే ఈ యుత్సవమునకై స్టేడియము కట్టుకొని సిద్ధముగానుండగా యుద్ధమువలన క్రీడలు రద్దయ్యెను. పండ్రెండేండ్లు వేచి యుండి, యుద్ధపు అప్పులు తీర్చుచునే అతిథులను ఆహ్వానించిరి. అచ్చటి చలి మనవారికి పరిచితము కాదు. పచ్చిక మెత్తనై జారుచుండెను. యుగోస్లావియాతో మొదటి పోటీలో మనవారు 10–1 గా ఓడిరి. పెక్కుమంది అప్పుడును వట్టికాళ్లవారే. పది గోళ్ల ఓటమిని శిక్షకుని నెత్తిన వేయుట సులభము. ఆయనయు దానిని తప్పించుకొనలేదు. తిరిగి వచ్చిన పిమ్మట బూట్లు లేనిదే జాతీయ జట్టులో ఆడరాదని ఫుట్‌బాల్ సమాఖ్య శాసించెను.

ఆ హెల్సింకి నగరముననే హంగేరీ జట్టు బంగారు పతకము గెలిచినది. వారి ఆట అప్పటికి లోకమునకు క్రొత్తది. నడిమి ఫార్వర్డు ముందునకు పోయి నిలుచుటకు మారుగా వెనుకకు తగ్గి, తనను కాచువానిని తన వెంట లాగుకొనిపోవును; ఆ ఖాళీలోనికి ఇతరులు దూసుకొనిపోవుదురు. రహీమ్ సాహేబు ఆ పద్ధతిని శ్రద్ధగా పరిశీలించి మన ఆటగాండ్రకు అనుకూలముగా మార్చి నేర్పెనని ఆ కాలపువారు చెప్పుదురు. మన పిల్లలు బలమున, ఎత్తున యూరోపువారికి సరిగారు. కాని చురుకుదనమున తీసిపోరు. నేలమీదుగా చిన్న చిన్న అందింపులతో, నిలువక కదలుచు ఆడినయెడల పెద్ద శరీరములు అలసిపోవునని ఆయన లెక్క.

ఆ లెక్క 1956లో మెల్బోర్ను నగరమున రుజువయ్యెను. ఆ ఒలింపిక్ క్రీడలు మొదటినుండి చిక్కులలోనే నడచినవి. పశువుల వ్యాధులను గూర్చిన ఆస్ట్రేలియా చట్టములవలన గుఱ్ఱపు పందెములు అచ్చట జరుప వీలులేక, జూన్ నెలలోనే స్వీడను దేశపు స్టాక్‌హోములో నడపవలసి వచ్చెను. సోవియట్టు సైన్యములు హంగేరీలో ప్రవేశించుటవలనను, సూయజు కాలువ తగవువలనను కొన్ని దేశములు రాక మానుకొనెను. మన జట్టు మొదట హంగేరీతో ఆడవలసియుండగా హంగేరీ ఫుట్‌బాల్ జట్టు రాలేదు. డిసెంబరు 1వ తేదీన మనవారు ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే ఎదుర్కొని, 4–2 గా గెలిచిరి. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాల్ పోటీలో ఒకే ఆటలో మూడు గోళ్లు చేసిన మొదటి ఆసియావాడు అతడే. తరువాత ఉపాంత్య పోటీలో నాలుగేండ్ల క్రిందట పది గోళ్లు వేసిన ఆ యుగోస్లావియాయే ఎదురయ్యెను. ఈసారి మొదటి గోలు మనవారిదే! ఐనను కడపట 4–1 గా ఓటమి కలిగెను. మూడవ స్థానమునకై బల్గేరియాతో ఆడి 3–0 గా ఓడి, నాలుగవవారై నిలిచిరి. ఆసియా ఖండపు జట్టు ఒలింపిక్ ఫుట్‌బాలులో ఉపాంత్యమువరకు పోవుట అదియే మొదలు.

ఆ జట్టులో హైదరాబాదువారు పలువురుండిరి. వారిలో తులసీదాస్ బలరాముని కథ విద్యార్థులు వినదగినది. అతడు సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పేద తమిళ కుటుంబమున పుట్టినవాడు. ఆ కుఱ్ఱవాని ఆట చూచి రహీమ్ సాహేబు అభ్యాసమునకు రమ్మని పిలువగా, ప్రతిదినము అంతదూరము పోవుటకు తనయొద్ద డబ్బు లేదని అతడు చెప్పెనట. అద్దె సైకిలునకై దినమునకు ఒక రూపాయి చొప్పున సాహేబు తన జేబునుండియే ఇచ్చెనని బలరాముడు ముసలితనమువరకు చెప్పుకొనుచుండెను. బడిపంతులు జీతమెంతయో తెలిసినవారికి ఆ రూపాయి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఆ సైకిలెక్కి వచ్చినవాడు యుక్తవయస్సు రాగానే మెల్బోర్నునకు విమానమెక్కెను.

1960లో రోము నగరపు ఒలింపిక్ క్రీడలలో మన జట్టునకు కష్టమైన వరుస వచ్చెను. హంగేరీ చేతిలో 2–1 గా, పెరూ చేతిలో 3–1 గా ఓడి, బలమైన ఫ్రాన్సుతో 1–1 గా సమముగా నిలిచిరి. హంగేరీమీద, పెరూమీద గోళ్లు చేసినవాడు మన బలరాముడే. ఈ జట్టులో సాహేబుగారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ కూడ నుండెను. కాని మూడు పోటీలలో ఒక్కదానియందైనను అతనికి ఆడు అవకాశము కలుగలేదు. తండ్రియే శిక్షకుడై యుండి కుమారుని బల్లమీద కూర్చుండబెట్టెను. దీనినిగూర్చి ఇల్లు చేరిన తరువాత ఆ తల్లి ఏమనెనో మనకు తెలియదు. తెలిసికొన గోరని తల్లిదండ్రులును ఈ వ్యాసము చదువువారిలో నుండరు. హకీముగారు తరువాత వైమానిక దళమున ఉద్యోగియై, అంతర్జాతీయ రిఫరీగా పేరుపొంది, 2021లో మరణించిరి.

రోము నుండి వచ్చిన పిమ్మట రహీమ్ సాహేబునకు ఆరోగ్యము చెడెను. ఆయన విస్తారముగా సిగరెట్టులు కాల్చువాడు. ఊపిరితిత్తులలో క్యాన్సరు పుట్టెను. మన మదనపల్లెవారికి, ఆరోగ్యవరము దారిలో రొమ్ము పట్టుకొని నాలుగడుగులు నడచి ఆగుచు, మరల నడచు రోగులను తరతరములుగా చూచినవారికి, ఊపిరి చాలనివాడు మైదానము చుట్టు తిరిగి కేకవేసి నేర్పుట ఎట్టి పనియో ఊహించుట కష్టము కాదు. ఇంతలో 1962వ సంవత్సరపు ఆసియా క్రీడలు వచ్చెను. అవి జరుగు ఊరు ఇండోనీషియా రాజధాని జకార్తా.

జకార్తాను గూర్చి వేరుగా చెప్పవలెను. డచ్చివారి పాలననుండి విముక్తి పొందిన ఆ దేశమును లోకమునకు చూపుటకు అధ్యక్షుడు సుకర్ణో ఈ క్రీడలను సాధనముగా చేసికొనెను. సోవియట్టు దేశపు అప్పుతో, వారి ఇంజనీర్ల సాయముతో, లక్షమంది కూర్చుండదగిన మహా స్టేడియమును సెనయాన్ అను ప్రాంతమున కట్టిరి. అది 1962 జూలైలో పూర్తియయ్యెను. అతిథులకై 14 అంతస్తుల హోటలు ఇండోనీషియాయు, దాని యెదుట స్వాగతము పలుకు యువతీయువకుల ఎత్తైన విగ్రహములును, వెడల్పైన రహదారులును, సెమంగి అను చోట ఆకు ఆకారమున ఒకదానిపై నొకటి దాటిపోవు త్రోవల కూడలియు వెలసెను. ఆ దేశమున టెలివిజను ప్రసారములు మొదలైనది క్రీడలు ప్రారంభమైన ఆగస్టు 24వ తేదీననే. నేటికిని జకార్తా నగరపు ముఖచిత్రము చాలవరకు ఆ యేట గీయబడినదే. అయితే ఆ స్టేడియము మొలచిన నేల బయలు కాదు. సెనయాన్‌లో తరములుగా కాపురమున్న బీదజనుల ఇండ్లును తోటలును తొలగించి, వారిని నగరపు ఇతర భాగములకు తరలించిరి. ఉత్సవపు దీపములు చూచి మెచ్చుకొనునప్పుడు ఈ సంగతియు జ్ఞాపకముండవలెను.

జకార్తాలో అసలు తగవు మరియొకటి. ఇండోనీషియా ప్రభుత్వము ఇజ్రాయేలు, తైవాను దేశముల క్రీడాకారులకు ప్రవేశపత్రములు ఇయ్యలేదు. ఆసియా క్రీడల సంస్థను పుట్టించినవారిలో ముఖ్యుడైన మన దేశపు గురుదత్త సోంధీగారు ఇది నియమవిరుద్ధమని వాదించి, ఇట్టి పోటీలకు ఆసియా క్రీడలను పేరు చెల్లదని పట్టుబట్టిరి. సోంధీగారి వాదము న్యాయమైనదే యని నేను తలచుచున్నాను. కాని దాని ఫలము అనుభవించినవారు ఆటలాడ పోయిన పిల్లలు. జకార్తా ప్రజలకు కోపము వచ్చెను. సెప్టెంబరు 3వ తేదీన జనసమూహము భారత రాయబార కార్యాలయముపై బడి ధ్వంసము చేసెను. సోంధీగారు దేశము విడిచి వెడలిపోవలసి వచ్చెను. మరునాడే ఫుట్‌బాల్ తుది పోటీ!

ఆ పోటీవరకు మన జట్టు వచ్చిన త్రోవయు సులభమైనది కాదు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 గా ఓడిరి. తరువాత థాయిలాండును 4–1 గా, జపానును 2–0 గా గెలిచిరి. థాయిలాండుతో ఆడునప్పుడు వెనుక వరుస కాపరియైన జర్నయిల్ సింగు తలకు బలమైన గాయమై కుట్లు వేయవలసి వచ్చెను. తలతో బంతిని ఎదుర్కొనవలసిన స్థానమున అట్టివానిని నిలుపరాదు. అట్లని అంత గొప్ప ఆటగానిని వదలుకొనను రాదు. రహీమ్ సాహేబు అతనిని వెనుకనుండి తీసి ముందు వరుసలో గోళ్లు చేయువానిగా పెట్టెను. చిన్ననాడు అతడాచోట ఆడినవాడని ఆయన ఎరుగును. దక్షిణ వియత్నాముతో జరిగిన ఉపాంత్య పోటీలో మనవారు 3–2 గా గెలిచిరి. జర్నయిలును ఒక గోలు చేసెను.

తుది పోటీ ముందటి రాత్రి ఆటగాండ్రలో పెక్కుమందికి నిద్ర పట్టలేదు. సాహేబు వారిని పిలిచి, ఎక్కువ మాటలాడక, తనకు రేపు ఒక్క కానుక కావలెనని, అది బంగారు పతకమని మాత్రము చెప్పెనట. ఆయన రోగము ఎంత ముదిరినదో వారిలో కొందరు ఎరిగియుండిరి. మరికొందరికి అప్పుడే తోచెను.

సెప్టెంబరు 4వ తేదీన బస్సు స్టేడియమునకు పోవుచుండగా త్రోవ పొడవున జనులు కేకలు వేయుచుండిరి. తలపాగ చూచి గుర్తుపట్టుదురను భయమున జర్నయిల్ సింగును బస్సులో క్రిందికి వంగి కూర్చుండుమనిరని తోడివారు పిమ్మట చెప్పిరి. స్టేడియములో లక్షమంది. వారందరు కొరియా పక్షమే. మనవారి కాలికి బంతి తగిలినపుడెల్ల ఊళలు వినవచ్చెను. ఆ గుంపులో మనవారికై చప్పట్లు కొట్టినవారు ఎవరనుకొందురు? పాకిస్తాను హాకీ ఆటగాండ్రు. తమ పోటీలో మన హాకీ జట్టును ఓడించి బంగారు పతకము గెలిచినవారే, ఇప్పుడు మన ఫుట్‌బాల్ జట్టునకు ప్రోత్సాహమిచ్చిరి. రాజకీయములు రెండు దేశములను ఎంత దూరము చేసినను, ఒక్క సాయంకాలము, పరదేశపు మెట్లమీద, ఇది జరిగెను.

కొరియావారు మొదటి ఆటలో తమను గెలిచిన జట్టు. ఐనను మనవారు వారికి తీరిక ఇయ్యలేదు. 17వ నిమిషమున పి. కె. బెనర్జీ ఒక గోలు చేసెను. మరి మూడు నిమిషములకు తలకు కట్టు కట్టుకొన్న జర్నయిల్ సింగు రెండవది చేసెను. జ్వరము తగ్గి లేచి వచ్చిన గోల్‌కీపరు పీటర్ తంగరాజు, హైదరాబాదున పెరిగినవాడే, ఆ దినము గోడవలె నిలిచెను. కొరియా కడపటి నిమిషములలో ఒక గోలు చేసినను, ఆట 2–1 గా ముగిసెను. చునీ గోస్వామి నాయకుడుగా, మన యూసుఫ్ ఖాను, బలరాముడు మొదలగువారితో కూడిన జట్టు బంగారు పతకము పొందెను.

అప్పుడు మ్రోగినది జనగణమన. ఆ గీతమును రవీంద్రనాథ టాగూరుగారు 1919వ సంవత్సరమున మన మదనపల్లెలోనే, థియసాఫికల్ కళాశాలలో ఉన్నప్పుడు, ఇంగ్లీషులోనికి మార్చిరనియు, అచ్చటనే మార్గరెట్ కజిన్సుగారు దానికి స్వరము వ్రాసి యుంచిరనియు మన విద్యార్థులెరుగుదురు. లక్షమంది విముఖుల నడుమ దానిని నిలుచుండి వినిన పదునొకండుగురిలో ఎవరైనను ఈ ఊరి పేరు విని యుండిరో లేదో.

జకార్తా క్రీడల తగవు అంతటితో తీరలేదు. 1963లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ఇండోనీషియాను బహిష్కరించెను. సుకర్ణో ఆ యేటి నవంబరులో తన క్రొత్త స్టేడియముననే, గనెఫో అను పేరుతో పోటీ క్రీడలను వేరుగా నడపెను. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో ఇండోనీషియా పాల్గొనలేదు; అందుకై యేండ్లకొలది శ్రమపడిన ఆ దేశపు క్రీడాకారుల శ్రమ వ్యర్థమయ్యెను. పెద్దలు చేసిన తగవునకు పరువు వారిది, నష్టము వీరిది.

రహీమ్ సాహేబు జకార్తానుండి తిరిగి వచ్చి మంచము పట్టెను. 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన, తన 54వ యేట, హైదరాబాదున కన్నుమూసెను. తరువాత మన జట్టు ఆసియా క్రీడలలో 1970న బ్యాంకాకులో మూడవ స్థానము పొందినది. బంగారము మాత్రము మరల రాలేదు. ఒలింపిక్ ఫుట్‌బాలులో 1960 తరువాత అడుగు పెట్టుటయే సంభవింపలేదు. ఒక్క గురువు పోయినంతమాత్రమున దేశపు ఆట పడిపోవునా యని కొందరడుగుదురు. ఒక్కడే కారణము కాడు. క్రికెట్టు పెరుగుట, సంఘములలో కలహములు, కొరియా జపానులు పెట్టిన శ్రద్ధ మనము పెట్టకపోవుట ఇవన్నియు కారణములే. కాని బలహీనమైన కాలితో ఆడించు పందెములను ఆయన వెనుక ఎవరును అంత పట్టుదలతో నడపలేదు. ఆ పందెములకు స్టేడియము అక్కరలేదు, అప్పు అక్కరలేదు. సాయంకాలము మైదానమునకు వచ్చు ఒక పంతులు చాలును.

ఆయన శిష్యులలో బెనర్జీయు గోస్వామియు 2020లో ఒక నెల యెడముతో గతించిరి. బలరాముడు బెంగాలులోని ఉత్తరపాడలో ఒంటరిగా జీవించి, 2023 ఫిబ్రవరిలో మరణించెను. 2024లో సాహేబు జీవితమును ఆధారముగా చేసికొని మైదాన్ అను హిందీ చలనచిత్రము వచ్చినది. అరువదేండ్లకు ఆయన పేరు మన పిల్లల చెవినిబడినది ఈ చిత్రమువలననే.

ఆయన పుట్టిన హైదరాబాదు నగరమునకును అనేక దేశముల క్రీడోత్సవము వచ్చినది. 2003 అక్టోబరు 24 నుండి నవంబరు 1 వరకు ఆఫ్రో–ఆసియా క్రీడలు అచ్చట జరిగెను. గచ్చిబౌలిలో రాళ్ల దిబ్బల నడుమ ముందు సంవత్సరపు జాతీయ క్రీడలకై కట్టిన స్టేడియములు, ఈతకొలనులు అందులకు ఉపయోగపడెను. ఆ వైపునకు నగరము వేగముగా పెరిగిపోయెను. ఆ క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు ఉపాంత్యమున జింబాబ్వేను 5–3 గా గెలిచి, తుది పోటీలో ఉజ్బెకిస్తాను చేతిలో 1–0 గా ఓడి, రహీమ్ సాహేబు ఊరిలో వెండి పతకము తీసికొనెను.